పెంకుల మీది జాయింటు

దయ్యం, భూతం అని ఎవలన్న ముచ్చట తీస్తే నేను చాయ్ గ్లాసు పట్టుకొని అవతలికి పోయే మనిషిని. నాది చంద్రపూర్ బాబుపేటల మోటార్ వైండింగ్ దుకాణం. కాలిన మోటార్ నా ముంగట పెడితే ఎందుకు కాలిందో విప్పి చూపెడ్తా. బేరింగ్ పట్టుకుంటది, లేకుంటే ఓల్టేజీ తక్కువుంటది, లేకుంటే నీళ్లు జొస్తయి. కారణం లేకుంట కాలిన మోటార్ నేను ఇప్పటిదాంక చూడలే. గందుకే ఈ ముచ్చట చెప్పుడు నాకే మంచిగ అనిపిస్తలేదు. నమ్మితే నమ్ముండ్రి, లేకుంటే ఇడ్సిపెట్టుండ్రి.

మా తాతల కాలం నుంచి రాజురా దిక్కు ఎవుసం. నేను చదివింది మరాఠీ బడిల. తెలుగు అక్షరాలు పెద్దగైనంక నేర్చుకున్న, రాతల తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

ఇది మా బావ ముచ్చట. మా పెద్దక్క పెనిమిటి. ఊర్జానగర్ల కరెంటు బోర్డు ఇంజినీరు, పవర్ హౌస్‌ల మీటర్లు, గేజీలు చూసెటోడు. కాలనీల క్వార్టర్, మిద్దె మీద జాగ, తల్కాయ నిండ చదువు. నాకేమో పదో తరగతి, చేతుల నిండ గ్రీజు. అయినా ఇద్దరికీ ఒక్కటే పిచ్చి పట్టింది. హామ్ రేడియో.

తెల్వనోల్లకు చెప్తున్న. సర్కారు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తది. ఇంట్ల సెట్టు పెట్టుకొని, మీద తీగె కట్టుకొని, దేశంల ఎవలతోనైనా గాలిల మాట్లాడొచ్చు. ఒక్కొక్కరికి ఒక కాల్ సైన్ ఉంటది, అదే మన పేరు లెక్క.

పరీక్షకు నాకు పాఠం చెప్పింది బావనే. ఆదివారం ఆదివారం క్వార్టర్ల కూసోబెట్టి, నా తల్కాయకు ఎక్కెదాంక చెప్తుండె. ఒక్కనాడు సుత ఇసుక్కోలే. ఆయన లేకుంటే నేను పాస్ కాకపోదును, ఆ మాట ఎవలు అడిగినా ఒప్పుకుంటా. ఇద్దరం ఒక్కటే రైల్ల నాగపూర్ పోయి పరీక్ష రాసినం. ఇద్దరికీ ఒక్కపాలే లైసెన్సులు వచ్చినయి.

లైసెన్సు చేతిల పడ్డదో లేదో, నేను దుకాణంల పడి ఉన్న రాగి తీగె తీసిన. ఒక కొస యాప చెట్టుకు, ఇంకో కొస ఎనుక గోడకున్న ఇనుప కంబానికి కట్టిన. నడుమ ఇంటి గూన పెంకుల మీది నుంచి పోయింది. కొలత అడుగులేసుకుంట చూసిన. తక్కువైతే ఇంత ముక్క అతికిన, ఎక్కువైతే కత్తిరించిన. సెట్టు పెట్టి పిలిస్తే బెంగుళూరు ఆయన పలికిండు. ఆ దినం నేను దుకాణం తెరవలే, వాడకట్టంత తిరిగి చెప్పిన.

బావ వచ్చి, నడుముకు చేతులు పెట్టుకొని మీదికి చూసిండు. "బామ్మర్ది, గిది ఆంటెనానా, చీరెలు ఆరేసే తీగెనా?" అన్నడు. ఆ దినం నుంచి దాని పేరు బట్టల తీగెనే అయింది.

ఆయన పద్ధతే ఏరు. ముందుగాల కాయితం మీద గీసుడు. ఎంత ఎత్తుల ఉండాలె, తీగె ఎంత సన్నగ ఉండాలె, కింద భూమి ఎసొంటిది, మిద్దెల ఇనుప సలాక ఎంతుంది, అన్ని లెక్క కట్టుడు. తర్వాత పైపులు తెచ్చిండు, కంబం లేపిండు, రెండు దిక్కులా తీగె దించిండు. చూస్తే ముద్దొస్తుండె, అబద్ధమెందుకు చెప్పాలె. అసొంటి పని నా చేతుల రాదు. కాని ఆయన మాట్లాడడు.

ఎందుకంటే మీటర్. సెట్టుకు, ఆంటెనాకు నడుమ ఒక మీటర్ పెడ్తం. మనం పంపిన కరెంటు ఎంత గాలిలకు పోయింది, ఎంత వాపసు వచ్చిందో దాని ముల్లు చూపెడ్తది. జెరంత వాపసు వచ్చుడు అందరికీ ఉంటది, దాంతోని ఏం మునిగిపోదు. బావకు ఆ జెరంత సుత ఉండొద్దు. మాట లేకుంట ఉత్త సిగ్నల్ పంపుతుండె, ముల్లు కదిలిందా, ఆపుతుండె. మల్ల మిద్దె ఎక్కుతుండె.

ముల్లు కదలకుంట ఎట్లుంటది? పవర్ హౌస్ బూడిద ఎసొంటిదో మా దిక్కోల్లందరికీ ఎరుకే. పొద్దుగాల తుడిస్తే మాపటికి మల్ల పొర. తీగె కొసలకున్న పింగాణీ బిళ్లల మీద బూడిద పడ్తది, దాని మీద మంచు పడ్తది, ముల్లు కదుల్తది. ఎండకాలం తీగె సాగుతది, వానకాలం భూమి నానుతది. ఆయన అన్నిటికీ లెక్క మార్చుకుంట పోయిండు.

లెక్క ఆయనది, తాడు మా అక్కది. తీగె దించాలన్నా లేపాలన్నా మిద్దె మీద తాడు పట్టుకొని నిలబడేది ఆమెనే. "ఇడువు... ఇంకింత ఇడువు... ఆగు. జానెడు గుంజు." ఎండల, గాలిల, పొయ్యి మీద పప్పు ఇడ్సిపెట్టి. ఏండ్లకేండ్లు గిదే పని. అరచేతులు తాడు ఒరుసుకొని బండబారినయి. బూడిద తుడిసేటందుకు ఆమె నూలు చీరెలు ఒక్కొక్కటే చింపి ఇచ్చింది.

పిల్లలు లేరు. ఆమె ఇంకేం అడగలే. నాతోని ఒక్క మాట అంటుండె. "మీ బావ ఒక్కపాలి ఆ సెట్ల మాట్లాడంగ ఇనాలె తమ్మీ. గంత తాడు గుంజిన, ఒక్కపాలి ఇనాలె."

నేను బావను ఎన్నిపాల్లు ఎగతాళి పట్టిస్తి. "ఎన్నేండ్లు పిల్లను చూస్తవు బావా, లగ్గం ఎప్పుడు?" అంటుంటి. నవ్వుతుండె. "మొదటి మాట పోయిందంటే సక్కగ పోవాలె బామ్మర్ది. నీ లెక్క గరగర పోవద్దు" అంటుండె.

ఒక్కపాలి మాత్రం దగ్గరికి వచ్చింది. పొద్దుగాల మా తెలుగోల్ల నెట్ ఉంటది. నెట్ అంటే, ఒక పెద్దాయన గుంటూరు దిక్కు నుంచి నడుపుతడు, అందరం వంతుల వారీగా హాజరు చెప్పుకుంటం. ఆ దినం ముల్లు కదలలేదని బావ నన్ను ఫోన్ చేసి పిలిచిండు. అక్క తానం చేసి పట్టంచు చీరె కట్టుకుంది, రవ్వ లడ్డూలు చేసింది. బావ మైకు చేతిల పట్టుకున్నడు. మైకు మీది ప్లాస్టిక్ కవరు సుత తియ్యలే, దుమ్ము పడ్తదని. పెద్దాయన "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగిండు. బావ మీటర్ దిక్కు చూసిండు. ఎంట్రుక మందం కదిలింది. మైకు కింద పెట్టి "రేపు" అన్నడు.

అక్క లడ్డూలు పక్క క్వార్టరోల్లకు పంచి వచ్చింది. దేనికని వాల్లు అడిగితే ఏం చెప్పిందో నాకు తెల్వదు. నాకు మాత్రం ఆ మీటర్‌ను నేలకేసి కొట్టబుద్ధయింది.

ఇగ బోర్డును ముక్కలు చేసే ఏండ్లు వచ్చినయి. ఒక్క బోర్డు పోయి కంపెనీలు అయితయన్నరు. ఎవలు ఎందులకు, ఎవలు ఏ ఊరికి, గదే ముచ్చట కాలనీల. మీకు యాడ గావాలెనో రాసియ్యుండ్రి అని అడిగిండ్రు. అందరు ఆలోచన చెయ్యకుంట ఉన్న జాగనే రాసిచ్చిండ్రు. బావ మాత్రం కూసున్నడు. ఈ కంపెనీల ఏం లాభం, ఆ కంపెనీల ఏం నష్టం, పింఛను ఎట్ల, పై పోస్టు ఎట్ల, పోల్చుకుంట పోల్చుకుంట గడువు దాటిచ్చిండు. రాసియ్యనోల్లను ఖాళీ ఉన్న కాడికి పంపిండ్రు. ఆయనకు నాసిక్ అవతల పడ్డది.

కంపెనీని తిట్టాలన్నా నాకు నోరు రాదు. రాయమన్నరు, ఈయన రాయలే. గదే నాకు ఇంకా కోపం.

క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు కంబం ఆయననే దించిండు. మే నెల ఎండ. నన్ను చెయ్యి పెట్టనియ్యలే. పైపులు తుడిసి, వరుస పెట్టి, కట్టలు కట్టి నా దుకాణం అటక మీద పెట్టిచ్చిండు. "ఆడ జాగ చూసుకొని తీస్కపోతా, కింది భూమి ఎట్లుందో చూడాలె ముందుగాల" అన్నడు. ఆడ క్వార్టర్ దొరికెదాంక అక్క నా ఇంట్ల ఉన్నది. సెట్టు అక్క చీరెల చుట్టి బీరువాల పెట్టింది. ఆయన ఒక్కడు పోయిండు.

వానకాలం నడుమల ఫోన్ వచ్చింది. కిరాయి గదిల గుండె ఆగి పోయిండు. ఆంటెనాకు జాగ సుత చూసుకోలేదు.

హాములల్ల ఒక పద్ధతి ఉంది. ఎవలన్న పోతే నెట్ల వాల్ల కాల్ సైన్ చదువుతరు. ఆయనతోని మాట్లాడినోల్లు రెండు మాటలు చెప్తరు. తర్వాత ఒక నిమిషం అందరు ఊకుంటరు. నేను చెప్తే పెద్దాయన బావ కాల్ సైన్ చదివిండు. "వారితో ఎప్పుడైనా మాట్లాడినవారు ఉంటే రెండు మాటలు చెప్పండి" అన్నడు. ఎవలు పలకలే. పాపం, ఏమని పలుకుతరు? ఆయన గొంతు ఎట్లుంటదో ఒక్కరికి ఎరుక లేదు. ఉత్త గర్రుమనే సప్పుడు. అక్క నా ఎనుక నిలబడి ఇన్నది. నాకు ఏడుపు రాలే, చచ్చిన మనిషి మీద కోపం వచ్చింది. గంత చదువు చదివి, గంత లెక్క కట్టి, పెండ్లాంకు ఒక్క మాట ఇనిపియ్యలేకపోయినవు గద బావా అనిపించింది.

తర్వాతి ఎండకాలం పెద్ద గాలిదుమారం వచ్చింది. నా బట్టల తీగె పెంకుల మీద, తూర్పు దిక్కు తెగింది. నేను నిచ్చెన ఏసి ఎక్కి, రెండు కొసలు పట్కారుతోని మెలిపెట్టి, నల్ల టేపు చుట్టిన. సీసం కరిగిచ్చి సోల్డర్ పెట్టలే. అందరం చేసే పనే, దాంట్ల ఏముంది. ఈ సంగతి యాది పెట్టుకోండ్రి. బావ పోయినంకనే ఆ జాయింటు వడ్డది. ఆయన దాన్ని చూడలే.

వానకాలం నడుమకు వచ్చింది. సంవత్సరీకం అయిపోయి కొన్ని దినాలే. పొద్దుగాల నెట్ల కూసున్న. అక్క ఎనుక వాకిట్ల నల్లా కాడ ఉంది, మా వాడకు నీళ్లు వచ్చే ఏళ అదే. నా హాజరు అయింది. పెద్దాయన నాకు "ఫైవ్ నైన్" అన్నడు. ఫైవ్ నైన్ అంటే అయిదుకు అయిదు మాట మంచిగ ఇనవడ్తుంది, తొమ్మిదికి తొమ్మిది జోర్దార్‌గ ఉంది అని. మర్యాదకు అందరికీ గట్లనే అంటం, ఇనవడకున్నా. బావకు ఈ అలవాటంటే అసలే గిట్టకుండె.

"ఇంకెవరైనా ఉన్నారా?" అని పెద్దాయన అడిగిండు.

ఎవలో కాల్ సైన్ చెప్పిండు. ఒక్కొక్క అక్షరం ఆపి ఆపి. అది బావ కాల్ సైన్.

ముందుగాల నాకు మండింది. ఎవడో దొంగ సన్నాసి చచ్చిన మనిషి కాల్ సైన్ వాడుకుంటుండు అనుకున్న. గంతల ఆ మనిషి ఒక చిన్న పొడి దగ్గు దగ్గిండు. బావ ఏం చెప్పాలన్నా ముందుగాల గట్ల దగ్గుతుండె. చాయ్ గ్లాసు పక్కకు పెట్టి మైకు అందుకున్న.

పెద్దాయన పేరు, ఊరు అడిగిండు. దానికి జవాబు రాలే. "బామ్మర్దికి రిపోర్టు" అన్నడు. "మూడు, మూడు. తూర్పు దిక్కు తీగెల పెంకుల మీద జాయింటు ఉంది. టేపు కిందికి నీళ్లు దిగినయి. రాగి పచ్చవడ్డది. సోల్డర్ ఎందుకు పెట్టలే?" ఓవర్ అన్నడు. గంతే.

నా చేతిల మైకు ఉంది. దేశమంత ముచ్చట పెట్టిన నోరు నాది. బొటనవేలు బటన్ మీద పెట్టిన గాని ఒత్తుడు రాలే. ఒత్తి "బావా" అనెవరకు ఎవలు లేరు. మల్ల మల్ల పిలిచిన. పెద్దాయన "మీ బావగారా? చాలా బాగుందండీ సిగ్నల్, ఇంత శుభ్రంగా నేనెప్పుడూ వినలేదు" అన్నడు. ఆయనకు యాదికి లేదు, ఏడాది కింద ఆ కాల్ సైన్‌కే ఊకున్నమని. నేను చెప్పినంక ఆయన నెట్ మధ్యల ఆపేసిండు.

ఇగ నేను చూసినయి చెప్తా. నిచ్చెన ఏసి పెంకుల మీదికి ఎక్కిన. టేపు విప్పిన. లోపట నీళ్లు ఉన్నయి, రాగి పచ్చవడ్డది. కింద నిలబడి చూస్తే ఆ జాయింటు అసలే కనవడది.

బీరువా తెరిసి చూసిన. సెట్టు చీరెల చుట్టినట్టే ఉంది, సల్లగ. మైకు మీద ప్లాస్టిక్ కవరు గట్లనే ఉంది. అటక మీద పైపుల కట్టలకు సాలెగూడు పట్టింది, ఆయన ఏసిన ముడి ఆయన ఏసినట్టే ఉంది.

వరోరాల నాకు ఒక మరాఠీ దోస్తు ఉన్నడు, ఆయన సుత హామ్. తెలుగు రాదు గాని ఊకెనే మా నెట్ ఇంటడు. ఆయననే ఫోన్ చేసి అడిగిండు, ఎవలు ఆ చివరి మనిషి, సిగ్నల్ జోరు చూపెట్టే సెట్టు ముల్లు కొసకు పోయి కదలకుంట నిలబడ్డదని. పెద్దాయనను అడిగితే గుంటూరుల సుత గంతే అన్నడు. నా సెట్ల సుత గంతే. వరోరా నాకు పక్కనే, గుంటూరు యాడనో ఉంది. దగ్గరోల్లకు, దూరమోల్లకు ఒక్క తీరుగ పడే సిగ్నల్ నేను మల్ల ఇనలే. ఎవలన్న గొంతు మార్చి ఆట పట్టిచ్చిండ్రా అంటే, ఆయన గొంతు ఇన్న హామ్ నేను ఒక్కన్నే.

అక్క బిందె పట్టుకొని లోపటికి వచ్చెవరకు అంత అయిపోయింది. అన్నేండ్లు తాడు పట్టింది, ఆయన మాట్లాడిన దినం నల్లా కాడ ఉంది. దీని మీద కోపం ఎవల మీద తీసుకోవాలెనో నాకు తెల్వదు.

దాచిపెట్టుడు నాతోని కాలే, చెప్పిన. బిందె కింద పెట్టి కూసున్నది.

"గొంతు మంచిగ ఇనవడ్డదా?" అని అడిగింది. శాన మంచిగ అన్న.

"ఇంకేమన్నడు?"

ఆయన ఇంకేమనలే. కాని ఆమె మొఖం చూసి "నువ్వు మంచిగున్నవా అని అడిగిండక్కా" అన్న.

అక్క నా దిక్కు చూసింది. "అబద్ధాలు చెప్పకు తమ్మీ. ఆయన గట్ల అడిగెటోడు కాదు. అడిగితే ఆయన కాదు" అన్నది. తర్వాత జాయింటు సరిచేసినవా అని అడిగింది. లేదు, సోల్డర్ కడ్డీ వేడికి పెట్టిన, ఇప్పుడే ఎక్కుతా అన్న.

"వద్దు" అన్నది అక్క. "గట్లనే ఉండనియ్యి."

నాకు సమజ్ కానీకె జెరసేపు పట్టింది. సమజ్ అయినంక కడ్డీ ప్లగ్గు పీకేసిన. పెండ్లాం కోసం రాని మనిషి, తప్పు పట్టనీకె వచ్చిండు. ఆ తప్పును ఎట్ల బాగు చేస్త?

ఇప్పుడు నీళ్లు నా పెండ్లాం పడ్తది. నెట్ మొదలైతే అక్క స్టూల్ ఏసుకొని నా పక్కన కూసుంటది. అందరి హాజరు అయినంక పెద్దాయన ఒక్క నిమిషం ఎక్కువ ఆగుతడు, ఎందుకని ఆయన చెప్పలే, నేను అడగలే. "మీ సిగ్నల్ బాగోలేదండీ, ఒకసారి చూసుకోండి" అంటడు. చూస్తా సార్ అంటా. గరగరమంటది, మాట తెగిపోతది. కొత్త పిల్లగాల్లు నన్ను చూసి నవ్వుతున్నరు, తీగె కట్టరాదు వీనికని. నవ్వనియ్యి.

అది ఎట్ల అయింది అంటే నాకు తెల్వదు. మోటార్ల లెక్క విప్పి చూసిన, చూడనీకె ఇంకేం మిగల్లే. నాకు దొరకలే.

వానకాలాలు పోయినయి, ఆయన మల్ల రాలే. మొన్నటి వానకు జాయింటు ఇంకింత తిన్నది. నా రిపోర్టు ఇప్పుడు మూడు సుత లేదు, రెండుకు పడ్డది. నిన్న నెట్ అయిపోయి సెట్టు బంద్ చేస్తుంటే అక్క అడిగింది.

"ఇంకెంత కరాబైతే వస్తడు తమ్మీ?"